జయమ్మ కోడలు నేయించిన గుడ్డ

రాహేలుకి ఏ పనీ సగంలో వదలడం చేతకాదు. ముక్తేశ్వరంలో ఆవిడ దగ్గర జాకెట్లు కుట్టించుకునే వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. చంక కింద చిన్న ముడత కనబడితే చాలు, వేసుకున్నావిడ బాగానే ఉంది లెండి అంటున్నా వినిపించుకోదు. విప్పించి, కుట్టు ఊడదీసి, మళ్ళీ కుడితే గాని ఆ పూట ఆవిడకి అన్నం సహించదు. అందుకే ఆవిడ షాపులో పనెప్పుడూ ఆలస్యమే. పెళ్ళికని ఇచ్చిన గుడ్డ సీమంతానికి అందుతుందని సెంటర్లో వేళాకోళం చేస్తారు. ఆ వేళాకోళం చేసినవాళ్ళే మళ్ళీ గుడ్డ పట్టుకుని అక్కడికే వస్తారు.

భర్త దానం అంబాజీపేట దగ్గర పీచు మిల్లులో పనిచేస్తాడు. కొబ్బరి డొక్కలు కొట్టి పీచు తీసే మిల్లు అది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద కూడా గోధుమరంగు పొట్టు ఉంటుంది. మాట తక్కువ మనిషి. పెళ్ళాం ఏం చెప్పినా ముందు "ఊఁ" అంటాడు, కాసేపాగి ఆ పని చేసేస్తాడు. వాళ్ళతో పాటు దానం తల్లి జయమ్మ ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు వరి నాట్లలో ముందు వరస ఆవిడదే. ఒక్కతే కూతురు షైనీ, కాకినాడలో నర్సుగా పనిచేస్తోంది.

వాళ్ళ ఇల్లు ఏటిగట్టుకి గోదావరి వైపు పల్లంలో ఉంది. 2022 జులైలో వరద వచ్చినప్పుడు ఆ వీధి మొత్తం మునిగింది. దానం ముందు తల్లిని భుజాన వేసుకుని గట్టెక్కించాడు. తరవాత కుట్టుమిషన్ని నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. అప్పటికి నీళ్ళు కిటికీ అంచుకి వచ్చేశాయి. బియ్యం డబ్బా, మంచం, షైనీ చిన్నప్పటి ఫొటోలు అన్నీ లోపలే ఉండిపోయాయి. "మిషనెందుకండీ, ఫొటోలు తేకపోయేరా" అని రాహేలు ఏడిస్తే, ఆయన "నువ్వు మళ్ళీ కుట్టుకోవాలి గదా" అన్నాడు. ఆ మాటకి ఆవిడ ఇంకా ఏడ్చింది.

గట్టు ఇవతల బడిలో తలదాచుకున్నారు. ఎక్కడెక్కడి వాళ్ళో అన్నం పొట్లాలు తెచ్చి పెట్టారు, పాలు తెచ్చారు, మందులు తెచ్చారు. ఎవర్నీ ఏమీ అనడానికి లేదు. ఒక రోజు పాత బట్టల లారీ వచ్చింది. మూటలు విప్పి బడి వరండాలో పోస్తే కొండలా తయారైంది. అందులో మంచివీ ఉన్నాయి, లేకపోలేదు. కానీ ముందుగా చేతికొచ్చేవి గుండీల్లేని చొక్కాలు, కాలు చిరిగిన పైజమాలు, మన ఎండలకి ఒంటి మీద నిలవని ఉన్ని స్వెట్టర్లు, తళుకులు కుట్టిన పట్నం గౌనులు. లారీతో వచ్చిన కుర్రాళ్ళు పాపం మర్యాదగానే పంచారు. ఒకతను జయమ్మ దగ్గరికొచ్చి, మామ్మగారూ తడి బట్టలతో ఉన్నారు, ఇది కట్టుకోండి అని ఒక వెలిసిపోయిన చీర చేతిలో పెట్టాడు. జయమ్మ దాన్ని జాగ్రత్తగా మడతపెట్టి మళ్ళీ అతని చేతిలోనే పెట్టింది.

"నాకొద్దు బాబూ. తడిసినా నా చీర నాకుంది" అంది.

ఎండ వచ్చేదాకా ఆ తడి చీరతోనే మెట్ల మీద కూర్చుంది. రాహేలు బతిమాలినా వినలేదు. ముసలావిడ మొండితనం అనుకుంది రాహేలు. అంతకన్నా ఎక్కువ ఆలోచించే వ్యవధి అప్పుడు ఎవరికీ లేదు.

నీళ్ళు తీశాయి. జనం ఇళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. ఎవరికీ అక్కర్లేని బట్టల్ని బడి వరండాలోంచి ఎత్తి గట్టు వాలులో పోశారు. వానకి తడిసి, బురద పట్టి, చెట్ల కొమ్మలకి చుట్టుకుని చూడ్డానికి అసహ్యంగా ఉండేది. ఒక గేదె గిట్టకి స్వెట్టరు తగులుకుంటే ఊడదీయడం పెద్ద తతంగమైంది. పంచాయతీవాళ్ళు ఎండాక తగలబెడతామన్నారు. రాహేలు మాత్రం అటువైపు వెళ్ళినప్పుడల్లా ఆగి, వంగి, అంచు పట్టుకుని చూసేది. మురికిపట్టిన చొక్కాని వేళ్ళ మధ్య నలిపితే, మంచి నూలు అని తెలిసిపోయేది. కాల్చేస్తారా దీన్ని అని మనసు పీకేది.

ఆ రోజుల్లోనే ఇంకోటి జరిగింది. వాళ్ళ వీధి నుంచి రేవుకి వెళ్ళే దారి సత్యనారాయణమ్మగారి అరటితోట మధ్యనుంచి పోతుంది. సత్యనారాయణమ్మగారంటే ఊళ్ళో భూములున్న పెద్ద కుటుంబం ఇల్లాలు. వరదకి ఆ తోట నేలమట్టమైంది. గెల వేసిన చెట్లు వేసినట్టే పడి, నిలవనీటిలో కుళ్ళుతున్నాయి. ఒకరోజు రాహేలు అటు నడుస్తుంటే కాలికేదో చుట్టుకుంది. జలగేమో అని ఉలిక్కిపడి చూస్తే దారం. పైకి లాగింది. ఇంకా వచ్చింది. అరటి బోదె గుజ్జంతా నీళ్ళలో కరిగిపోయి, లోపలి నార మాత్రం మిగిలింది. తెల్లగా, పొడుగ్గా, జారిపోతూ ఉంది.

అరటి నార ఆ సీమలో ఎవరికీ కొత్త కాదు. పూలు కట్టేది దానితోనే, ఆకుకూర కట్టేది దానితోనే. కానీ అందరికీ తెలిసిన నార బోదె పైన ఎండిపోయిన దొప్ప పొరల నుంచి చీల్చింది, ముతకగా, బిరుసుగా ఉంటుంది. ఇది వేరు. రాహేలు ఒక పిడికెడు ఇంటికి పట్టుకుపోయి కడిగి, తొడ మీద పెట్టి పురి పెట్టబోయింది. జారిపోయింది, పురి నిలవలేదు. గట్టు మీదనుంచి తెచ్చిన బనియన్ గుడ్డ పీలిక ఒకటి పక్కనే ఉంది. దాన్ని పీకితే దూదిలా విడింది. ఆ దూదిని నారతో కలిపి మళ్ళీ పురిపెట్టింది. ఈసారి నార జారకుండా దూది పట్టుకుంది. దూది తెగకుండా నార పట్టుకుంది. జానెడు దారం వచ్చింది.

ఆ జానెడు దారాన్ని రాత్రి దానానికి చూపించి, దీంతో గుడ్డ నేస్తే, అంది. ఆయన "ఊఁ" అన్నాడు. మర్నాడు మిల్లునుంచి వచ్చేటప్పుడు రెండు చెక్కలు చంకలో పెట్టుకొచ్చాడు. వాటి నిండా సన్నటి మేకులు దిగ్గొట్టి ఉన్నాయి. పీచు దువ్వడానికి మిల్లులో వాడే మేకుల చెక్కని చూసి, అలాంటివే చిన్నవి తయారు చేశాడు. గుడ్డపీలికల్ని వాటి మధ్య పెట్టి ఇటూ అటూ లాగితే నేత విడిపోయి దూది అవుతుంది. దాంట్లో చిన్న ముక్కలుగా కత్తిరించిన నార కలిపి మళ్ళీ దువ్వితే ఏకులు చుట్టి రాట్నం మీద వడుక్కోవచ్చు.

ఇక రాహేలుని ఆపేవాళ్ళు లేరు. గట్టు మీది బట్టల్లో నూలువి ఏరి తెచ్చింది. అన్నం వండే పెద్ద గుండిగలో చాకలి సోడా వేసి ఉడకబెట్టింది, ఉతికింది, దండెం నిండా ఆరేసింది. ఊరు కాని ఊరి చొక్కాలు, లంగాలు, దుప్పట్లు వరసగా వేలాడుతున్నాయి. ప్రార్థనకి వెళ్ళిన జయమ్మ ఇంటికొచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఎవరో విడిచిన గుడ్డలు మన దండెం మీద ఎండుతున్నాయేంటే?" అంది.

కట్టుకోవడానికి కాదత్తయ్యా, గుడ్డ నేయించడానికి అని రాహేలు చెప్పబోయింది. జయమ్మ వినకుండా లోపలికి పోయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడూ అంతే. రాహేలు మొదట విసుక్కుంది, తరవాత భయపడింది. చివరికి మంచం పక్కన నేల మీద కూర్చుని, మీకేం కష్టమైందో చెప్పండి, చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది అని అడిగింది. అప్పుడు చెప్పింది జయమ్మ, గోడవైపే చూస్తూ.

ఆవిడ చిన్నతనంలో పండగ వస్తే పెద్దిళ్ళ వెనక గుమ్మం దగ్గర కూలీ ఆడవాళ్ళు వరసగా నిలబడేవారట. సత్యనారాయణమ్మగారి అత్తగారు అరుగు మీద నిలబడి పాత చీరలు పైనుంచి విడిస్తే కింద కొంగు పట్టుకోవాలి. చెయ్యీ చెయ్యీ తగలకూడదు. అలా కొంగులో పడిన వాటిలో ఒకటి జయమ్మ పెళ్ళి చీర. కొంగు దగ్గర మాసిక వేసి ఉందట. మాసిక కనబడకుండా కుచ్చెళ్ళలోకి తిప్పి కట్టుకుందట.

"మీ ఆయన మిల్లులో చేరి మొదటి జీతం తెచ్చినప్పుడు నీలం అంచు తెల్ల చీర కొనుక్కున్నాను. మడత విప్పితే కొత్త గుడ్డ వాసన. ఆ వేళ మోకాళ్ళ మీద ప్రార్థన చేసి చెప్పుకున్నాను, ఇంక ఒకళ్ళు విడిచింది నా ఒంటి మీదికి రానివ్వనని. నీకు తెలీదు లేమ్మా."

రాహేలుకి నిజంగా తెలీదు. దానానికీ తెలీదు, గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. రాహేలు లేచి, ఇప్పుడే తీసుకెళ్ళి గట్టు మీద పారేస్తాను అంది. జయమ్మ అప్పటికి ఇటు తిరిగింది.

"పారెయ్యమన్లేదు. నా కంటికి కనపడనీకు" అంది.

బట్టలన్నీ షాపుకి మారాయి. ఇంట్లో నార పని, షాపులో గుడ్డల పని. ఎవరూ గీయకుండానే మధ్యలో గీత ఏర్పడింది. రాహేలు ఆ గీత దాటి ఒక్క పీలిక కూడా ఇంటికి తేలేదు.

వరదలో తనంత తనే నానిన నార కొన్నాళ్ళకి అయిపోయింది. కొత్త బోదెల్ని నానబెడదామని రాహేలు కాలవ పక్క గొయ్యి తీయించి, దొప్పలు వేసి, నీళ్ళు పోసి మట్టి కప్పింది. జాకెట్టు పనిలో పడి చూసుకోలేదు. ఒక ఆదివారం పాస్టరుగారి భార్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి, మీ ఇంటి వైపునుంచి ఏదో వస్తోందండి అని చాలా మర్యాదగా చెప్పింది. వెళ్ళి గొయ్యి తెరిస్తే నార లేదు, ఏమీ లేదు. నల్లటి జావ. వీధి మొత్తం ఆ కంపుతో రెండు పూటలు తలుపులు మూసుకుంది. దానం పార పట్టుకుని పూడ్చేశాడు. పూడుస్తున్నంతసేపూ ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి. నవ్వుతున్నాడని రాహేలు కనిపెట్టేసింది.

తరవాత ఆవిడ పచ్చి దొప్పల్ని కత్తితో గోకడం మొదలుపెట్టింది. సగం నార తెగిపోయేది, సగానికి గుజ్జు అంటుకుని ఉండేది. అరుగు మీద కూర్చుని చూస్తున్న జయమ్మకి ప్రాణం విసిగింది.

"నార తీసేది అలాగేనా? ఇటు తే" అని కత్తి లాక్కుంది.

దొప్పని పీట మీద పరిచి, కత్తిని వాల్చి పట్టి, అటు చివర కాలి వేళ్ళతో అదిమి, ఒక్క లాగు లాగింది. గుజ్జు ముందుకి పోయింది, వెనక నార పట్టుదారాల్లా మిగిలింది. కూలికి వెళ్ళే రోజుల్లో కూరల మోపులకి కట్లు తీసిన చెయ్యి అది. ఆ రోజునుంచి నార పని జయమ్మది. గుడ్డల మాట మాత్రం ఎత్తేది కాదు, షాపు వైపు వచ్చేది కాదు.

దారమైతే వచ్చింది, నేసేదెవరు? అమలాపురం పక్క బండారులంకలో మగ్గాలున్నాయని అందరికీ తెలుసు. రాహేలు బస్సెక్కి వెళ్ళి, అడిగి అడిగి జనార్దన్‌గారి ఇల్లు పట్టుకుంది. పెద్దాయన. ఒకప్పుడు ఇంట్లో రెండు మగ్గాలూ పగలల్లా ఆడేవి. ఇప్పుడు ఒకదాని మీద తువాళ్ళు నేస్తున్నాడు, రెండోదాని మీద ఇంటివాళ్ళు ఉల్లిపాయలు ఆరబోసుకున్నారు. రాహేలు ఇచ్చిన దారం ఉండని ఆయన వెలుతురుకి పెట్టి చూశాడు, వేలికి చుట్టాడు, లాగాడు.

"ఇది నూలు కాదమ్మా, నులక" అన్నాడు.

ఆయన భార్య వెంకటదుర్గ లోపలినుంచి మజ్జిగ తెచ్చిచ్చి, అంత దూరం నుంచి వచ్చిన మనిషితో అలాగేనా అనేది అన్నట్టు భర్త వైపు చూసింది. జనార్దన్‌గారు ఇంకోసారి దారం లాగి చూశాడు.

"నిలువు దారాలకి పనికిరాదండి. పడుగు ఎప్పుడూ బిగుతుగా ఉండాలి, ఇది ఆ లాగుడుకి ఆగదు. అడ్డం పేకలో వేసి చూద్దాం. పడుగుకి మిల్లు నూలు వాడదాం. ఆయ్, నేను మాటివ్వట్లేదు, చూద్దామంటున్నాను."

చూశాడు. దారం చాలాసార్లు తెగింది. తెగినప్పుడల్లా ఆయన తిట్టుకుంటూ ముడి వేసేవాడట. కానీ మగ్గం దిగలేదని తరవాత వెంకటదుర్గే చెప్పింది. రెండోవారం కబురొస్తే రాహేలు వెళ్ళింది. గోదావరి కొత్తనీటి రంగులో ఉంది గుడ్డ. అక్కడక్కడ ఎవరిదో నీలం చొక్కా, ఎవరిదో ఎర్ర లంగా చిన్న చిన్న చుక్కలై మెరుస్తున్నాయి. రాహేలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆ చుక్కల మీద వేలు రాస్తూ కూర్చుంది. జనార్దన్‌గారు అటు తిరిగి మగ్గానికి లేని దుమ్ము దులిపాడు.

ఆ మొదటి గుడ్డతో దానానికి చొక్కా కుట్టింది. ఆదివారం ఆయన అది తొడుక్కుని చర్చికి వెళ్ళాడు. ప్రసంగం మొదలైన కాసేపటికి తల వాల్చి కునుకు తీయడం దానానికి అలవాటు, ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ వేళ రెప్ప కూడా వాల్చలేదు. నిటారుగా, కదలకుండా, కళ్ళు పెద్దవి చేసుకుని చివరిదాకా కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక పాస్టరుగారు చెయ్యి కలిపి, ఈ రోజు మీరు చాలా శ్రద్ధగా విన్నారండి, సంతోషం అన్నాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పితే మెడ చుట్టూ, చంకల్లో, వీపంతా ఎర్రగా దద్దురు తేలి ఉంది.

"గోక్కోపోయేరా" అంది రాహేలు.

"గోక్కుంటే నీ గుడ్డ గుచ్చుకుంటోందని అందరికీ తెలిసిపోదూ" అన్నాడు దానం.

ఆవిడ ఆయన వీపుకి కొబ్బరినూనె రాస్తూ నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. జయమ్మ వంటింట్లోంచి, ముందు గోనెసంచి తొడిగి చూడాల్సింది, తేడా తెలిసేది అంది. ఆ గుడ్డ గురించి ఆవిడ అన్న మొదటి మాట అదే.

గుచ్చుడు వదిలించే దారి వెంకటదుర్గ చెప్పింది. పడుగుకి గంజి పెట్టేటప్పుడు అందులో కాస్త కొబ్బరినూనె వేస్తారు నేతవాళ్ళు, దారం మెత్తబడి విరగకుండా. ఆ పని వడికాక చెయ్యడం దేనికి, నారకి ముందే పట్టిస్తే పోదా అని ఆవిడ ఆలోచన. రాహేలు కొబ్బరినూనెలో సబ్బునీళ్ళు పోసి పాలలా అయ్యేదాకా గిలకొట్టింది. చాకలి సోడాలో ఉడికించి కడిగిన నార మీద దాన్ని చిలకరించి, తడిగోనె కప్పి మగ్గనిచ్చింది. మర్నాడు ఆరబెట్టి చెక్కతో మోదితే నార మనిషి జుట్టులా మెత్తబడింది. నార వంతు తగ్గించి పాత నూలు వంతు పెంచింది. దారం తెగడం తగ్గింది. జనార్దన్‌గారు ఈసారి దారం వెలుతురుకి పెట్టి చూసి, నులక అనలేదు. ఉల్లిపాయలు ఇంకో చోటికి మార్చమని భార్యకి చెప్పాడు.

దానానికి రెండో చొక్కా కుట్టింది. ఆ ఆదివారం ప్రసంగం మధ్యలో ఆయన గురక వినబడితే రాహేలు దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.

అక్కడినుంచి పని పెరిగింది గాని పరుగెత్తలేదు. షైనీ ఫోటోలు తీసి తోటి నర్సులకి చూపిస్తే వాళ్ళు చున్నీలు అడిగారు. అమలాపురంలో ఒక బట్టల కొట్టువాళ్ళు తువాళ్ళూ సంచీ గుడ్డా తీసుకున్నారు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు రాట్నం దగ్గర కూర్చోవడానికి వచ్చారు. జాకెట్లు మరీ ఆలస్యమయ్యాయి. పని మధ్యలో రాహేలుని ఒక బెంగ పట్టుకుని ఉండేది. ఇంట్లో జయమ్మ తీసే నారా, షాపులో తను దువ్వే గుడ్డా మగ్గం మీద కలుస్తున్నాయి. కానీ అత్తయ్య ఒక్కసారి కూడా నేసిన గుడ్డని చేత్తో తాకి చూడలేదు. అడగడానికి రాహేలుకి మనసొప్పలేదు.

ఒక కార్తీకమాసం పొద్దున్న సత్యనారాయణమ్మగారు జాకెట్టు గుడ్డలిద్దామని షాపుకి వచ్చింది. ఆవిడదీ జయమ్మ వయసే. మడత పెట్టి ఉన్న కొత్త దుప్పటి ఒకటి చూసి చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తియ్యలేదు. ఇదేం గుడ్డ అని అడిగింది. రాహేలు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మీ తోటలో బోదెలండి, వరదకి వచ్చిన పాత బట్టలండి, ఉడకబెట్టి ఉతికి దూది చేసినవండి, నార తీసింది మా అత్తయ్యండి అంది. చెబుతూనే, ఇంక ఈవిడ చెయ్యి తీసేస్తుంది అనుకుంది. ఆవిడ ఆ దుప్పటిని మడత మార్చి అటూ ఇటూ చూసింది.

"తెల్లవారుజామున చలికి కాళ్ళు లాగేస్తున్నాయి. నాకొకటి నేయించు రాహేలూ. బరువు లేకుండా, వెచ్చగా. అయ్యేక కబురు చెయ్యి, నేనే వస్తాను" అంది.

దుప్పటి తయారయ్యాక రాహేలు అంచులు తనే కుట్టింది, నచ్చక ఊడదీసి మళ్ళీ కుట్టింది. కబురు అందగానే సత్యనారాయణమ్మగారు షాపుకి కాదు, గట్టు దిగి ఇంటికే వచ్చింది. అరుగు మీద జయమ్మ నార చిక్కు తీస్తోంది. వచ్చిందెవరో చూసి లేచి నిలబడింది. ఆవిడ కూర్చో కూర్చో అంటూ మెట్టు ఎక్కడానికి ఇబ్బంది పడి కిందే ఆగింది. మోకాళ్ళ నొప్పులు. రాహేలు లోపల్నుంచి దుప్పటి తెచ్చి ఇవ్వబోతుంటే, ఏమనుకుందో ఏమో, జయమ్మ చెయ్యి చాపి దాన్ని తను తీసుకుంది. మొదటిసారి. బొటనవేలితో ఒకసారి అంచు తడిమి చూసింది. తరవాత ఒక మెట్టు, ఇంకో మెట్టు దిగి ఆవిడ ఎదురుగా నిలబడి అందించింది. సత్యనారాయణమ్మగారు రెండు చేతులూ చాపింది. గుడ్డ కింద ఇద్దరి వేళ్ళూ తగిలాయి.

"గుచ్చుకోదు కదా జయమ్మా?"

"గుచ్చుకోదండి. నార నా చేత్తో తీసేను. మిగతాది ఊళ్ళవాళ్ళు కట్టి విడిచిన గుడ్డలండి అమ్మగారూ, తెలిసే పుచ్చుకుంటున్నారా?"

"ఆయ్, రాహేలు చెప్పింది" అంటూ ఆవిడ దాన్ని అక్కడే భుజాల చుట్టూ కప్పుకుంది. ఎండ పొద్దు. చలేమీ లేదు. అయినా కప్పుకునే ఉంది. ఇద్దరు ముసలమ్మలూ మోకాళ్ళ గురించి, ఈ ఏడాది గెలల గురించి, చచ్చిపోయిన వాళ్ళ గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆవిడ దుప్పటి తియ్యకుండానే గట్టెక్కి వెళ్ళింది.

"ఆవిడ చేతులు వణుకుతున్నాయే" అంది జయమ్మ ఆ వెళ్ళేవైపే చూస్తూ. "ముసలైపోయేరు."

ఆ మధ్యాహ్నం రాహేలు షాపులో మిషన్ మీద ఉంటే గుమ్మంలో నీడ పడింది. జయమ్మ. ఎన్నడూ రాని మనిషి లోపలికొచ్చి, నాలుగు పక్కలా చూసి, గుడ్డల గుట్ట పక్కన చాప లాక్కుని కూర్చుంది. పైనున్న చొక్కా ఒకటి తీసి నలిపి చూసి పక్కన పడేసింది.

"ఇందులో నైలాను కలిపేవేంటే. దువ్వితే ఊడదు, దారం పాడవుతుంది" అంది.

రాహేలు మిషన్ ఆపలేదు. ఆపితే తన మొహం చూస్తుందని భయం. అవునత్తయ్యా, చూసుకోలేదు అంది. ఆ తరవాత రోజూ భోజనమయ్యాక జయమ్మ షాపుకి వస్తోంది. నూలొక పక్క, కానిదొక పక్క. ఆ గుడ్డతో చీర నేయించమని మాత్రం ఇప్పటికీ అడగలేదు. చర్చికి నీలం అంచు తెల్ల చీరే. రాహేలు కూడా అనలేదు, అనదు.

ఇప్పుడు బండారులంకలో రెండు మగ్గాలూ ఆడుతున్నాయి. దానం మేకుల చెక్కల్ని మార్చి, తిప్పితే దువ్వే చక్రం ఒకటి తయారు చేసే పనిలో ఉన్నాడు. మూడుసార్లు బిగించాడు, మూడుసార్లూ ఊడిపోయింది. ఈ మధ్య రాజోలు వైపునుంచి ఒకాయన షాపు వెతుక్కుంటూ వచ్చాడు. సముద్రం పక్క పొలమట. గట్ల మీద మొగలి పొదలు, పూవు అమ్ముకోగా ఆకులన్నీ వృథా అని చెప్పి, ఒక మోపు దింపి, దీంట్లో నార ఉందేమో చూడండి అమ్మా అన్నాడు. ఆకుల అంచుల నిండా ముళ్ళు. జయమ్మ ఒకటి తీసుకోబోయి వేలు గుచ్చుకుని, రక్తం పీల్చుకుంటూ, ఇది మనిషి ఒంటికి పనికొచ్చే వస్తువు కాదు పొమ్మంది. రాహేలు ఆకులు విడదీసి బానలో నానేసింది.

"ఈసారి మీ ఆయనకి మాత్రం తొడగకే" అంది జయమ్మ, ముళ్ళు కోసెయ్యడానికి కత్తి అందుకుంటూ.